రోగి మాట, వైద్యుని భాష

నాలుగేండ్లు నర్సింగు చదివి పట్టా పుచ్చుకొని, హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక పెద్ద ఆసుపత్రిలో అయిదారేండ్లు రాత్రింబవళ్ళు పనిచేసిన యువతి ఒకతె బ్రిటనుకు పోయి అదే వృత్తి చేయదలచినదనుకొందము. ఆమె చదివిన పాఠ్యగ్రంథములు ఆంగ్లములోనివే. వ్రాసిన పరీక్షలును ఆంగ్లములోనివే. రోగి మంచమునకు తగిలించిన కేసుషీటుపై ప్రతిపూటయు ఆమె వ్రాసిన మాటలును ఆంగ్లమే. అయినను ఆ దేశపు నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిలు తన పట్టికలో ఆమె పేరు చేర్చుకొనుటకు ముందు, ఆమెకు ఆంగ్లము వచ్చుననుటకు నిదర్శనము చూపుమనును. డాక్టరుకును ఇదే నిబంధన. అక్కడ అడుగునది జనరల్ మెడికల్ కౌన్సిలు. ఆస్ట్రేలియాలో, న్యూజీలాండులో, అమెరికాలో తీరు కొంత వేరైనను అడుగుట మాత్రము తప్పదు.

ఈ మాట వినగానే మనలో పలువురికి రోషము వచ్చును. తరతరములుగా మన బడులలో తమ భాషను బోధింపించి, ఉద్యోగములన్నిటికి దానినే తాళపుచెవిగా చేసినవారు నేడు ఆ భాషయే మనకు వచ్చునా యని అడుగుట ఏమి న్యాయమందురు. నా సహోపాధ్యాయులలో ఇట్లు వాదించువారు కలరు. వారి రోషములో సత్యము లేకపోలేదు; దానిని గూర్చి తరువాత చెప్పెదను. మొదట ఈ వ్యవహారమును మంచముపై పడియున్నవాని వైపునుండి చూడవలసియున్నది.

తెలుగు నేర్చిన పరదేశ వైద్యుని ఒకనిని ఊహింపుడు. నిఘంటువు ఆయనకు కంఠపాఠము, వ్యాకరణము కరతలామలకము. పల్లెటూరి స్త్రీ ఒకతె వచ్చి "కళ్ళు తిరుగుతున్నాయండీ" అనును. ఆయన ఆమెను కంటి వైద్యుని వద్దకు పంపును. మరియొకతె "నెల తప్పిందండీ" అని సిగ్గుతో తల వంచుకొనును. ఆయన గోడపైనున్న కాలెండరు వైపు చూచును. ఒక ముసలాయన "గుండెల్లో మంట" అనగా హృదయమునే పట్టుకొని కూర్చుండును. అన్నము తిన్న తరువాత వచ్చు ఆ మంట కడుపుదని ఆయన వెంట వచ్చిన మనుమనికి తెలియును. (చిత్రమేమనగా, ఈ ఒక్క విషయమున ఆంగ్లేయులును మనవలెనే గుండెపై నింద మోపిరి, వారి ‘హార్ట్‌బర్న్’ కూడ కడుపులోని పులుపు చేయు పనియే.) "కాళ్ళు పీకుతున్నాయి", "ఒంట్లో నలతగా ఉంది", "కడుపులో దేవుతోంది" అను మాటలు ఏ వైద్యగ్రంథమునను కానరావు. అయినను రోగి ఆ మాటలతోనే వచ్చును. అతనికి వేరు మాటలు లేవు.

ఆంగ్లదేశపు రోగియు అంతే. మూత్రమునకు సంబంధించిన బాధను అక్కడి వృద్ధులు ‘వాటర్‌వర్క్స్’ బాధ యందురు. కొత్తగా దిగిన మన నర్సు అది విని కుళాయి చెడిపోయినదనుకొనినచో ఆమెను నిందింపరాదు. ‘స్పెండ్ ఎ పెన్నీ’ అనగా డబ్బు ఖర్చుచేయుట కాదు, మూత్రవిసర్జనకు పోవుట. పూర్వము అక్కడి బహిరంగ మరుగుదొడ్ల తలుపు తెరచుటకు ఒక పెన్నీ నాణెము వేయవలసి యుండెడిది. ఇక యాసల సంగతి చెప్పనక్కరలేదు. గ్లాస్గో నగరపు మాట లండనువానికే ఒక్కొక్కప్పుడు అందదు. ఇటువైపున మన ఆసుపత్రులలో నిత్యము చెల్లు ‘లూజ్ మోషన్స్’ అను మాటకు అక్కడివారు క్షణకాలము తడబడుదురు. మనము ఆంగ్లము నేర్వలేదని కాదు. మనము నేర్చినది పుస్తకపు ఆంగ్లము. మనలో మనము వాడుకొను ఆంగ్లము. నొప్పితో ఉన్నవాని ఆంగ్లము వేరు.

ఈ తేడా ప్రాణముమీదికి వచ్చిన సందర్భములు కలవు. 2008లో జర్మనీనుండి కేంబ్రిడ్జి ప్రాంతమునకు తాత్కాలికముగా వచ్చి పనిచేసిన డాక్టరు ఒకడు, మూత్రపిండపు నొప్పితో బాధపడుచున్న 70 ఏండ్ల వృద్ధునికి డయామార్ఫిను అను మందు నిచ్చెను. ఇచ్చినది ఇయ్యదగిన మోతాదునకు పదిరెట్లు. రోగి మరణించెను. ఆ డాక్టరుకు ఆ మందుతో పరిచయము లేదు, ప్రయాణపు బడలికయు ఉండెను. కనుక దోషమంతయు భాషదే యనుట సరికాదు. కాని తరువాత ఒక సంగతి బయటపడెను. ఆంగ్లము చాలదని ఒక ప్రాంతపు ఆరోగ్యసంస్థ ఆయనను చేర్చుకొనలేదు; మరియొక ప్రాంతపు సంస్థ చేర్చుకొనెను. ఐరోపా సమాఖ్య దేశముల వైద్యులను భాషా నిదర్శనము అడుగుటకు ఆనాటి చట్టము జనరల్ మెడికల్ కౌన్సిలుకు అధికారమియ్యలేదు. ఆ అధికారము 2014లో వచ్చినది. అంతవరకు గుంటూరు డాక్టరుకు పరీక్ష కలదు, జర్మనీ డాక్టరుకు లేదు. రోగి చెవికి మాత్రము ఇద్దరును పరదేశీయులే.

ఇట్టి వింతలు ఎట్లు పుట్టినవో తెలియుటకు కొంత చరిత్ర చెప్పవలెను. బ్రిటనులో వైద్యుల పట్టికను నిర్వహించు కౌన్సిలు 1858 నాటి చట్టము వలన ఏర్పడినది. 1886 నాటి చట్టము వలస రాజ్యముల పట్టాలను గుర్తించుటకు దారి తెరచెను. ఆ దారి మనకు ఎల్లప్పుడును తెరచి యుండలేదు. 1930లో ప్రసూతి వైద్యమున శిక్షణ చాలదను కారణము చూపి భారతీయ పట్టాల గుర్తింపును నిలిపివేసిరి. ఆ అలజడి నడుమనే 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టము వచ్చినది; తరువాత కొన్నేండ్లకు గుర్తింపు మరల లభించెను. 1948లో బ్రిటను ప్రభుత్వము దేశప్రజలందరికి ఉచిత వైద్యసేవను ఆరంభించినప్పుడు డాక్టర్లు చాలలేదు. భారతదేశమునుండి, పాకిస్తానునుండి వేలకొలది వైద్యులు పోయి, అక్కడివారు పోనొల్లని గనుల ఊళ్ళలోను, మిల్లుల ఊళ్ళలోను స్థిరపడిరి. ఆనాడు ఎవరును వారిని భాషాపరీక్ష వ్రాయుమనలేదు. 1975లో మన పట్టాలకు గుర్తింపు మరల పోయెను. ఆ సంవత్సరమే వృత్తిజ్ఞానమును, భాషాజ్ఞానమును కలిపి పరీక్షించు పద్ధతి ఆరంభమాయెను. అదియే తరువాత ‘ప్లాబ్’ అని ప్రసిద్ధి కెక్కినది. ఆ పొడి అక్షరములలో రెండవది భాషను తెలుపు మాట. నేడు ప్లాబు వైద్యజ్ఞానమునకు పరిమితము. భాషకు వేరుగా నిదర్శనము చూపవలెను.

పట్టా వేరు, దానిని పరదేశమున చెల్లించుకొనుట వేరు. ఈ సంగతి మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి ఎవరును బోధింపనక్కరలేకపోయినది. మదరాసులో వైద్యము చదివి, ఎల్.ఎం.ఎస్. పట్టాతో బోస్టను చేరిన ఆ మహనీయుడు, హార్వర్డులో చదువుచునే పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలను కడిగెను. ఆయనకు అడ్డు వచ్చినది భాష కాదు. అడ్డుగోడలు భాషాపరీక్షల కంటె పాతవని చెప్పుటకే ఈ ప్రసక్తి.

ఇక పరీక్షల స్వరూపము. వీనిలో ప్రసిద్ధమైనది ఐ.ఇ.ఎల్.టి.ఎస్.; మన యువకుల వాడుకలో ఐయెల్ట్సు. 1989లో ఈ పేరుతో వెలసినది. వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు భాగములు. ఒక్కొక్క దానికి తొమ్మిదింటిలో ఇన్ని అని అర మార్కుల వంతున లెక్క కట్టుదురు. డాక్టరుకు మొత్తముమీద 7.5, ఏ భాగమునను 7కు తగ్గకుండ రావలెను. చెల్లుబాటు రెండేండ్లే. వ్రాతకు ఒక గంట. అందులో రెండవది 250 మాటలకు తగ్గని వ్యాసము. ఈ వ్యాసమునకు వైద్యముతో సంబంధమేమియు లేదు. విద్యార్థికి, ఇంజనీరుకు, డాక్టరుకు అందరికి అదే ప్రశ్న.

పూర్వము నా వద్ద ఇంటర్మీడియేటులో తెలుగు చదువుకొని, పిమ్మట నర్సు అయిన అమ్మాయి ఒకతె ఈ పరీక్షకు మూడుమార్లు కూర్చుండెను. ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు ఈ పరీక్ష రుసుము నెలజీతములో పెద్ద పాలు. మూడవమారు, 2018 వేసవిలో, వినుటలో, చదువుటలో, మాటలాడుటలో కోరినదానికి మించియే వచ్చినవి. వ్రాతలో 6.5 వద్ద ఆగిపోయెను; కావలసినది 7. ఏమి వ్రాయుమనిరి అని అడిగితిని. నగరములలో పాత కట్టడములను నిలుపవలెనా, కూల్చి కొత్తవి కట్టవలెనా యని చర్చింపుమనిరట. "మాస్టారూ, కట్టు కట్టడం అడిగితే వ్రాసేదాన్ని, కట్టడాల గురించి అడిగారు" అని నవ్వినది. నవ్వులో శ్లేష కలదు గాని, ఆమె కన్నులలో నవ్వు లేదు.

ఆ సంవత్సరము చివర బ్రిటను నర్సింగు కౌన్సిలు వ్రాతభాగమున 6.5 చాలునని నిర్ణయించెను. అప్పటికి ఆ అమ్మాయి గల్ఫు దేశమునకు పోయి యుండెను. నేనడుగునది ఇదొక్కటే: వేసవిలో రోగి ప్రాణమునకు ముప్పు అనుకొన్న అర మార్కు శీతకాలమునకు ముప్పు కాకుండ ఎట్లు పోయినది? ఆ ఆరునెలలలో ఆంగ్లభాష మారలేదు. అక్కడి ఆసుపత్రులలో నర్సుల కొరత మాత్రము నిజము. అవసరము కలిగినప్పుడు గీత దిగుననియు, తీరినప్పుడు ఎక్కుననియు మనవారు అనుమానించినచో, ఆ అనుమానమునకు తావిచ్చినవారు వారే. పైని చెప్పిన రోషములోని సత్యము ఇది. అయితే ఒక న్యాయము చెప్పవలెను. గీతను దించిన కౌన్సిలు చేసినది తప్పు పని యని నేననను; అంతకుముందున్న గీతయే నర్సుపనికి సరిపోలినది కాదని నా తలంపు. 2023లో వారింకొక మెట్టు దిగిరి. స్వల్పమైన తేడాతో తప్పిన వారు అప్పటికే బ్రిటనులో ఆరోగ్య సేవారంగమున ఏడాదిపాటు పనిచేసియున్నచో, వారి ఆంగ్లము పనికి చాలునని యజమాని వ్రాసియిచ్చు సాక్ష్యమును కూడ పరిశీలించుచున్నారు. ప్రతిదినము ఆమె రోగులతో మాటలాడుట చెవులార విన్నవారి మాటకు విలువ కలుగుట మంచిదే.

అంతకంటె మంచి మార్పు మరియొకటి కలదు. 1980ల చివర ఆస్ట్రేలియాలో, వలస వచ్చిన వైద్యవృత్తుల వారికై ప్రత్యేకమైన పరీక్ష నొకదానిని తీర్చిదిద్దిరి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు భాషాశాస్త్రవేత్త టిమ్ మెక్‌నమారా దీనికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడు. ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్టు అని పేరు, ఓ.ఇ.టి. అందురు. పండ్రెండు వృత్తులకు వేరువేరుగా ఉండును. పశువైద్యునికి కూడ కలదు. (పశువు మాటలాడదు గాని దాని యజమాని ఊరకుండడు గదా!) బ్రిటనులో నర్సుల కౌన్సిలు 2017లోను, వైద్యుల కౌన్సిలు 2018లోను దీనిని అంగీకరించినవి.

ఈ పరీక్ష తీరును ఉపాధ్యాయులు శ్రద్ధగా చూడదగును. వ్రాతలో వ్యాసము లేదు, జాబు కలదు. ఒక రోగి వృత్తాంతమును పొడిపొడి మాటలలో కాగితముపై నిత్తురు: వయస్సు, రోగము, ఏనాడు ఏ శస్త్రచికిత్స జరిగినది, ఏ మందులు, ఇంటివద్ద ఎవరున్నారు, మేడమెట్లు ఎక్కగలదా, నిద్రపట్టుచున్నదా. అయిదు నిమిషములు చదువుకొని నలుబది నిమిషములలో జాబు వ్రాయవలెను. ఆ జాబు ఎవరికి? అదియే కీలకము. ఇంటికి వచ్చి కట్టు మార్చు నర్సుకైనచో, పదేండ్ల క్రితపు టాన్సిలు సంగతి అక్కరలేదు; పుండు తడియారినదా లేదా యనునది కావలెను. మందులషాపువానికైనచో వేరు. ఉన్నదంతయు నింపినవానికి మార్కులు తగ్గును. జాబు ఏ పనికి వ్రాయుచున్నాడో మొదటి వాక్యములలో తెలియకున్నను తగ్గును. వదలివేయుటయే ఇక్కడ విద్య.

మాటలాడు భాగమున రెండు చిన్న నాటికలు. ఒక్కొక్కటి అయిదు నిమిషములు. అభ్యర్థి తన పాత్రనే ధరించును. డాక్టరు డాక్టరుగానే, నర్సు నర్సుగానే. ఎదుట కూర్చున్నవారు రోగి పాత్ర వహింతురు. రోగి భయపడవచ్చును; గంటసేపు కూర్చుండబెట్టితిరని కోపింపవచ్చును; మందు మ్రింగనని మొండిపట్టు పట్టవచ్చును. ఉచ్చారణ, ధార, వ్యాకరణము ఇవి సరే. వానితోపాటు కొలుచునవి ఇవి: రోగితో చనువు కలుగునట్లు పలుకరించెనా? రోగి భయమేమో కనుగొనెనా? చెప్పుదానిని ఒక వరుసలో చెప్పెనా? చెప్పినది రోగికి తెలిసినదో లేదో అడిగి చూచెనా? ఈ కొలతలు చదువునప్పుడు ఇది భాషాపరీక్షయా మర్యాదపరీక్షయా యని నాకు సందేహము కలిగినది. రెండును ఒకటియే యని తోచుచున్నది. శిక్షణాలయములలో వ్యాసములను కంఠస్థము చేయించి పంపినట్లు, దీనికి కంఠస్థము చేయించుట కష్టము. కోపించిన ముసలివాడు ఏమనునో ముందుగా తెలియదు.

అమెరికా నడక వేరు. పరదేశమున చదివిన వైద్యుల యోగ్యతను నిర్ణయించుటకు 1956లో ఒక సంస్థ ఏర్పడినది; 1958లోనే పరీక్షలు పెట్టినది. 2004 నుండి కొంతకాలము అక్కడ రోగులవలె నటించువారిని పరీక్షించి చూపు పద్ధతి నడచెను. అందులో మాటలాడు ఆంగ్లమునకును మార్కులుండెడివి. అమెరికాలో చదివినవారును ఆ పరీక్షకు కూర్చుండవలసినదే. అది న్యాయముగా తోచును. కరోనా వలన 2020లో అది ఆగి, 2021లో రద్దాయెను. ఇప్పుడు పరదేశ పట్టాతో వచ్చువారు ఓ.ఇ.టి. వ్రాయవలెను. ఏ దేశపౌరుడైనను, తల్లిభాష ఆంగ్లమే అయినను మినహాయింపు లేదు. బ్రిటను, ఆస్ట్రేలియాలవారు కొన్ని దేశముల చదువును చూచియే భాషను నమ్ముదురు. అమెరికావారు ఎవరిని నమ్మరు. రోషము వచ్చునెడల అందరికి సమముగా వచ్చును.

తెలుగు చెప్పుకొని బ్రదుకువాడను గనుక ఒక ముచ్చట చెప్పక మానలేను. ఈ పరీక్ష మనకు కొత్త గాని, మన దేశమునకు కొత్త కాదు. ఒకప్పుడు దీనిని వ్రాసినవారు దొరలు. 1812లో మదరాసున ఫోర్టు సెంటు జార్జి కళాశాలను స్థాపించి, కుంపిణీ ఉద్యోగమునకై వచ్చిన ఆంగ్లేయ యువకులకు తెలుగు, అరవము మొదలగు భాషలను నేర్పి పరీక్షించి గాని జిల్లాలకు పంపెడివారు కారు. 1817లో మదరాసులో దిగిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను అట్లు తెలుగు నేర్చినవాడే. వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు గురువు. 1820లో పరీక్ష నెగ్గి కడపకు పోయెను. నెగ్గిన తెలుగు కచేరీకి చాలెను. ప్రజల తెలుగునకు చాలలేదు. అందుకే వేమన పద్యములను వెదకుచు, పండితులను జీతమిచ్చి పెట్టుకొని, మరల మొదటినుండి నేర్చెను. 1852 నాటి ఆయన నిఘంటువు ఆ రెండవ చదువునకు ఫలము గాని, మొదటి పరీక్షకు కాదు. కుంపిణీ తన లాభమునకే ఆ నిబంధన పెట్టినది. అయినను అర్జీ పట్టుకొని వచ్చిన రైతు మాట అధికారి చెవికెక్కవలెనను మాట అందులో ఉండెను.

మన తరగతిగదిలో ఈ విద్యకు చోటెక్కడ? మన పరీక్షలు చదువుటను, వ్రాయుటను కొలుచును. వినుటకు, మాటలాడుటకు ప్రాధాన్యము తక్కువ. ఇది ఆంగ్లమున మాత్రమే కాదు, తెలుగునను అంతే. సంగ్రహరచన, లేఖారచన పాఠ్యప్రణాళికలో ఉన్నవి. కాని లేఖ ఎవరికి వ్రాయుచున్నాడో పిల్లవాడు ఎరుగడు. ‘మీ మిత్రునికి’ అని ఉండును, ఆ మిత్రుడు పుట్టడు, గిట్టడు. నేను కొన్నేండ్లుగా చేయించు అభ్యాసము ఒకటి కలదు. అమ్మమ్మ చెప్పిన ఒంటిబాధను ఇంటివద్ద విని వచ్చి, డాక్టరుకు తెలియునట్లు మూడు వాక్యములలో తెలుగున వ్రాయుమందును. పిల్లలు మొదటివారము అమ్మమ్మ కథంతయు వ్రాసికొని వత్తురు. రెండవవారము సగము. నాలుగవవారమునకు కొందరు, "ఎప్పటినుంచి అని అడగలేదు మాస్టారూ, మళ్ళీ అడిగి వస్తాను" అందురు. తెలుగున ఈ ప్రశ్న అడుగనేర్చినవానికి, దానినే ఆంగ్లమున అడుగుటకు కావలసినది కొన్ని మాటలే.

రోగి వైపునుండి చూడవలెనని మొదట అంటిని. అట్లు చూచినచో చూపు సముద్రములు దాటి ఆగదు. ఆదిలాబాదు మన్యములో ఉట్నూరు చుట్టుప్రక్కల గూడెములలో గోండీ మాటలాడువారున్నారు. తూర్పు కనుమలలో కోయ, కువి, సవర భాషలు మాటలాడువారున్నారు. కోస్తాలోనో, హైదరాబాదులోనో చదివిన యువవైద్యుడు అక్కడి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి కూర్చుండును. అతనికి ఆంగ్లము వచ్చును, తెలుగు వచ్చును. ఎదుట బల్లపై కూర్చున్న ముదుసలి గోండు స్త్రీ కడుపుపై చేయివేసికొని ఏదో చెప్పును. గదిలో ఆ మాట తెలిసినది ఒక్కరికే. తలుపువద్ద నిలిచియున్న ఆశా కార్యకర్తకు. డాక్టరు ఆమె వైపు తిరిగి, "ఏమంటున్నదమ్మా?" అని అడుగును.